వార్తల్లో పదం: పీడీ యాక్ట్

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పేజీల్లో గుడుంబా దాడి వార్త చూడండి. నల్లబెల్లం, పటిక పట్టుకున్నారు, డ్రమ్ముల్లోని పానకం పారబోశారు. చివర్లో 'మళ్లీ దొరికితే పీడీ యాక్ట్' అనే హెచ్చరిక.

ఇది 1986 నాటి ముందస్తు నిర్బంధ చట్టం. నేరం రుజువు కానక్కర్లేదు. ఇకముందు చేస్తాడన్న అంచనా మీదే 12 నెలల దాకా జైల్లో పెట్టొచ్చు. సారా వ్యాపారులు, గూండాలు, మత్తుమందుల నేరస్థులు దీని కిందికి వస్తారు. కారణాలేమిటో 5 రోజుల్లోగా చెప్పాలి, 3 వారాల్లోగా సలహా మండలి ముందు పెట్టాలి.

మామూలు శాంతిభద్రతల సమస్య ఇందుకు చాలదు. జనజీవనమే అస్తవ్యస్తమయ్యే పరిస్థితి ఉండాలి. చిక్కంతా ఇక్కడే. బెయిలొచ్చిన మనిషిని బయటికి రానీయకుండా వాడితే అది దుర్వినియోగమే. ఉద్యోగాలిప్పిస్తానని మోసం చేశాడన్న కేసులోనూ ఈ చట్టం పెట్టారు! 2022లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2023లో, మళ్లీ 2024 మార్చిలో తెలంగాణకు మొట్టికాయలే. సలహా మండళ్లు మొక్కుబడిగా తలూపడం కుదరదనీ చెప్పింది. గుడుంబా కేసుల్లో కూడా పాత ఎఫ్‌ఐఆర్‌ల చిట్టా జతచేస్తే సరిపోదు.