రక్తపరీక్షతో మెదడు వ్యాధి తెలిసేనా?

జగదల్‌పూర్: ఒకప్పటి బస్తర్ జిల్లా కేరళ రాష్ట్రం కన్నా విశాలమైనది. నేడది ఏడు జిల్లాలుగా విడిపోయినా దూరాలు తగ్గలేదు. జగదల్‌పూర్ నుంచి రాయపూర్ సుమారు 300 కిలోమీటర్లు. విశాఖపట్నమూ ఇంచుమించు అంతే. అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ ప్రోటీన్‌ను చూపే పెట్ స్కాన్ మహానగరాల సౌకర్యం. నడుములో సూది గుచ్చి ద్రవం తీసే పరీక్షకు రోగులు జంకుతారు. ఫలితంగా మతిమరుపును ముసలితనం ఖాతాలో వేసి ఊరుకోవడం పరిపాటి. 2023లో వెలువడిన ఒక అంచనా ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 88 లక్షల మంది డిమెన్షియాతో బాధపడుతున్నారు. ఈ బెడద పట్టణాలలో కన్నా గ్రామాలలోనే ఎక్కువ కావడం గమనార్హం.

ఇటువంటి ప్రాంతాలకు ఆశ కల్పిస్తున్నవి జీవకణాలు విడిచే సూక్ష్మమైన బుడగలు. వీటిలో ఎక్సోజోమ్‌లనే రకం తలవెంట్రుక మందంలో దాదాపు వెయ్యోవంతు ఉంటుంది. 1983లో గొర్రె ఎర్రరక్తకణాలలో వీటి జాడ కనిపించినప్పుడు కణం పారవేసే చెత్తగానే భావించారు. మెదడు కణాల బుడగలు అమిలాయిడ్, టౌ వంటి ప్రోటీన్లను మోసుకుంటూ రక్తంలోకి చేరగలవని తరువాత తేలింది. అంటే చేతి నరం నుంచి తీసిన రక్తమే మెదడు స్థితిని చెప్పవచ్చు.

చిక్కల్లా ఆ బుడగలను ఏరడంలోనే ఉంది. రక్తంలోని బుడగలలో అత్యధికం రక్తకణాలవే. మెదడు బుడగలను పట్టే కొక్కెంగా పరిశోధకులు ఏళ్ల తరబడి వాడిన ఎల్1క్యామ్ ప్రోటీన్ అసలు రక్తంలో బుడగలపై ఉండటమే లేదని 2021లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ పద్ధతిపై వెలువడిన ఫలితాలన్నీ సందేహంలో పడ్డాయి. ఈలోగా, బుడగలతో నిమిత్తం లేకుండా నేరుగా ప్లాస్మాలోని టౌ, అమిలాయిడ్‌లను కొలిచే అల్జీమర్స్ పరీక్షకు 2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతినిచ్చింది.

చికిత్స మాట ఇంకా దూరం. ఎక్సోజోమ్‌లలో మందు నింపి నరం ద్వారా ఎలుకల మెదడుకు చేర్చవచ్చని 2011లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు నిరూపించారు. అది ఎలుకల ముచ్చట. ఎక్సోజోమ్ ఇంజెక్షన్లు అమ్మే క్లినిక్‌లు మాత్రం అప్పుడే వెలిశాయి. నెబ్రాస్కాలో కొందరు రోగులు తీవ్ర అస్వస్థతకు గురికాగా, 2019 డిసెంబరులో ఆ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. అక్కడ ఇంతవరకు ఏ ఎక్సోజోమ్ ఔషధానికీ అనుమతి లేదు.

బస్తర్‌కు మరో ఇబ్బంది ఉంది. సీసాలోని రక్తం నిల్వ ఉన్నా, దారి కుదుపులకు లోనైనా ప్లేట్‌లెట్లు కొత్త బుడగలను విడుస్తాయి. లెక్క తారుమారవుతుంది. కనుక రక్తం తీసినచోటనే ప్లాస్మాను వేరుచేసి గడ్డకట్టించాలి. అందుకు సెంట్రిఫ్యూజ్, డీప్ ఫ్రీజర్, ఆగని కరెంటు ఆ ఊరి ఆసుపత్రిలోనే ఉండాలి.