కాలేయమునకు కాపు సీసాలో నున్నదా?

చిక్కడపల్లి గ్రంథాలయమున ప్రొద్దంతయు చదివి అశోక్‌నగరు వసతిగృహములకు మరలు విద్యార్థుల సంచులలో నిప్పుడు పుస్తకములతోబాటు మందుసీసాలును గానవచ్చుచున్నవి. పసుపుసారము, తేయాకుసారము నింపిన గొట్టపు మాత్రలవి. కాలేయమును సర్వవిషములనుండి కాపాడునని విక్రేతల మాట.

ఈ మాటకు మూలము బొత్తిగా లేకపోలేదు. 1944లో నాటి హైదరాబాదు రాజ్యమున వెలసిన ప్రయోగశాలయే నేడు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. అచ్చటి విషశాస్త్ర విభాగమువారు ఎలుకలకు అల్యూమినియం ఆక్సైడును తినిపించి, ఫలితములను 2009లో ప్రకటించిరి. 30, 40 నానోమీటర్ల రేణువులు హెచ్చు మోతాదులలో రక్తకణముల డి.ఎన్.ఏ.ను గాయపఱచినవి. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ వంతు. అదే పదార్థపు మోటుపొడి అంతటి హాని చేయలేదు. పదార్థ మొక్కటియే, పరిమాణమే ముప్పు తెచ్చినది. అయితే ఆ మోతాదు కిలో బరువునకు 1000, 2000 మిల్లిగ్రాములు! 60 కిలోల మనుష్యుడు 120 గ్రాములు మ్రింగినట్లన్నమాట. భయపడువారు దీనిని మఱవరాదు.

రక్తమున జేరిన రేణువులలో పెక్కింటిని కాలేయమందలి కుప్ఫరు కణములు మ్రింగును. అప్పుడు ఉగ్రస్వభావముగల ఆక్సిజను రూపములు పుట్టి కణపుపొరలోని క్రొవ్వును చెఱచును. కాలేయమునకు సహజకవచము గ్లూటాథియోను. అది తఱిగినకొలది కణములు చెడి, ఏ.ఎల్.టి. వంటి ఎంజైములు రక్తములోనికి జాఱును. పసుపులోని కర్కుమిను, ఉల్లిలోని క్వెర్సెటిను ఈ హానిని కొంత తగ్గించినట్లు ఎలుకలపై జరిగిన పరిశోధనలు చూపినవి. మనుష్యులయందు చాలినంత నిరూపణము లేదు.

విచిత్రమేమన, కాపాడునన్న సారమే కాలేయమును గాయపఱచిన సందర్భములు గలవు. తేయాకుసారములోని ప్రధానద్రవ్యము దినమునకు 800 మిల్లిగ్రాములు గాని అంతకు మించి గాని సేవించినచో రక్తమున కాలేయపు ఎంజైములు పెరుగవచ్చునని ఐరోపా ఆహారభద్రతాసంస్థ 2018లో తెల్పినది. 2019లో ఇటలీయందు పసుపుసారపు మాత్రలు వాడినవారిలో కొందఱికి కాలేయశోథ కలిగెను. ఆ సరకులలో కొన్ని శోషణము హెచ్చుటకై మిరియపుసారము చేర్చినవి. చారులో చిటికెడు పసుపు వేఱు, చిక్కబఱచిన సారము వేఱు.

మఱియొక విడ్డూరము వినుడు. ఐరోపా సమాఖ్య 2022లో ఆహారమునుండి తొలగించిన తెల్లరంగు, టైటానియం డయాక్సైడు, నానోరేణువులతో గూడియుండును. మందుమాత్రల తొడుగులలో నేటికిని వాడుకలో నున్నది! విరుగుడు తిను తొందరలో రేణువునే మ్రింగుట యిది.

ఆ సీసా వెలకు నారాయణగూడ బజారున ఎన్నినాళ్ళకో సరిపడు ఉల్లి, ఉసిరి దొఱకును. అయినను కొనువారు సన్నని యక్షరములు చదివి మోతాదును, తొడుగును చూచుకొనవలెను. కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురురంగైనను మాత్ర మాని వైద్యునొద్దకు పోవలెను.