పాలు కక్కే బిడ్డ, కంగారుపడే తల్లి

పసిబిడ్డ ఉన్న ఇంట్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఇప్పుడే కడుపునిండా తాగాడు, అంతా కక్కేశాడు. లోపల ఏం మిగిలిందో ఏమో!" ఆ మాట తల్లి నోటి నుండి వచ్చీ రాగానే సలహాలు మొదలవుతాయి. ఒకరు దిష్టి తగిలిందంటారు. ఒకరు ఆముదం పట్టమంటారు. ఇంకొకరు, "అమ్మాయ్, నీ పాలు బిడ్డకు పడడం లేదు, డబ్బా పాలు పట్టు" అంటారు. చివరికి ఎక్కువ హాని చేసేది ఈ మూడవ సలహాయే. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. బిడ్డకు ఏ జబ్బూ లేకపోయినా తల్లిపాలు మాన్పించడం, సీసా పట్టడం, నీళ్ళ విరేచనాలు రావడం, బిడ్డ చిక్కిపోవడం వరుసగా జరిగిపోతాయి.

గనుక ప్రియమైన తల్లులారా, అత్తలారా, అమ్మమ్మలారా! బిడ్డ ఎందుకు కక్కుతుంది, ఎప్పుడు భయపడాలి, ఎప్పుడు భయపడనక్కరలేదు అన్న సంగతులు నిదానంగా తెలుసుకుందాం.

పాలు ఎందుకు పైకి వస్తాయి?

మనం మింగిన ఆహారం గొంతు నుండి ఒక గొట్టం ద్వారా జీర్ణకోశంలోకి దిగుతుంది. ఆ గొట్టం చివర ఒక కండరం ఉంటుంది. అది సంచి మూతికి కట్టిన తాడులాంటిది. ఆహారం దిగగానే బిగుసుకుని, లోపలిది పైకి రాకుండా ఆపుతుంది. పసిబిడ్డలో ఆ కండరం పని ఇంకా కుదురుకోదు, మాటిమాటికి సడలుతూ ఉంటుంది. పైగా బిడ్డ ఆహారమంతా ద్రవమే. జీర్ణకోశం చిన్నది. రోజులో ఎక్కువ భాగం బిడ్డ పడుకునే ఉంటుంది. అందువలన త్రేన్పుతో పాటు కొన్ని పాలు కూడా పైకి వచ్చేస్తాయి. అవి ఒక్కొక్కసారి తోడుకున్న పెరుగులా ఉంటాయి. అలా ఉండడం కూడా తప్పు కాదు. జీర్ణకోశంలో పాలు విరగడం సహజమే.

ఇది సాధారణంగా పుట్టిన రెండు నెలల లోపే మొదలై, నాలుగవ నెల ప్రాంతంలో ఎక్కువవుతుంది. ఆ వయస్సులో సగానికి పైగా పిల్లలు రోజుకు ఒక్కసారైనా కక్కుతారు. బిడ్డ కూర్చోవడం, గట్టి ఆహారం తినడం మొదలయ్యాక తగ్గుతూ వస్తుంది. ఇలా కక్కే పిల్లల్లో నూటికి 90 మందికి ఏడాది నిండేసరికి దానంతట అదే ఆగిపోతుంది.

గుడ్డ తడిసిన మేరను చూసి పోయిన పాలను లెక్కకట్టకండి. రెండు చెంచాల నీళ్ళు గుడ్డ మీద పోసి చూడండి, ఎంత మేర తడుస్తుందో మీకే తెలుస్తుంది. చూడవలసింది బిడ్డ బరువు. మొదటి మూడు నెలల్లో బిడ్డ రోజుకు సుమారు 25 నుండి 30 గ్రాములు పెరగాలి. పుట్టినప్పటి బరువు ఐదవ నెలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు కావాలి. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, కక్కిన తరువాత కూడా హుషారుగా చూస్తూ, బరువు పెరుగుతూ ఉంటే, ఆ బిడ్డకు మందు అవసరం లేదు. అంగన్‌వాడీలో నెలనెలా బరువు తూయించి, తల్లీబిడ్డల కార్డులోని గీత మీద గుర్తు పెట్టించండి. ఆ గీత పైకి పోతున్నంత కాలం నెమ్మదిగా ఉండవచ్చు.

ఇంట్లో చేయదగినవి

* పాలు తాగిన తరువాత 20 నుండి 30 నిమిషాలు బిడ్డను భుజాన వేసుకుని నిటారుగా ఉంచండి. త్రేన్పు వచ్చేటట్లు వీపు మెల్లగా నిమరండి. తాగిన వెంటనే గుడ్డ ఊయలలో వేస్తే నడుము ముడుచుకుని పొట్ట నొక్కుకుంటుంది.
* ఒకేసారి ఎక్కువ కాక, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇవ్వండి. చన్ను అందుకునేటప్పుడు మొన మాత్రమే కాక దాని చుట్టూ ఉన్న నల్లని భాగం చాలా వరకు బిడ్డ నోట్లో ఉండాలి. అలా అయితే గాలి తక్కువ మింగుతుంది.
* కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో గొంతులో పోయడం మానండి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.
* కక్కే బిడ్డనైనా నిద్రలో వెల్లకిలానే, చదునైన పక్క మీద, తలగడ లేకుండా పడుకోబెట్టండి. బోర్లా పడుకోబెట్టడం ప్రాణాపాయం.
* ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప తేనె, ఆముదం, వసకొమ్ము, గ్రైప్ వాటర్, బిస్కెట్ కలిపిన నీళ్ళు ఏమీ వద్దు. తేనె ఏడాది నిండే వరకు అసలే పనికిరాదు.

బాగా పెరుగుతున్న బిడ్డ కక్కినంత మాత్రాన, ఏడ్చినంత మాత్రాన, ఆమ్లం తగ్గించే మందులు వాడరాదని 2018లో ఐరోపా, ఉత్తర అమెరికా శిశు జీర్ణకోశ వైద్య సంఘాలు కలిసి చెప్పాయి. ఆ మందుల వలన అంటురోగాలు సోకే ప్రమాదం పెరుగుతుంది. గనుక మందుల దుకాణంలో అడిగి సిరప్ తెచ్చి పోయకండి.

ఆలస్యం చేయరాని గుర్తులు

కక్కడం వేరు, వాంతి వేరు. కక్కేటప్పుడు బిడ్డ కష్టపడదు, పాలు పెదవుల మీదుగా జారతాయి. ఈ కింది గుర్తుల్లో ఏది కనిపించినా ఇంటి వైద్యం, నాటు వైద్యం మాని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

* వాంతిలో ఆకుపచ్చని పసరు, లేదా రక్తం. పసరు వాంతి అంటే పేగు మెలిపడి ఉండవచ్చు. అది గంటలు లెక్కపెట్టవలసిన స్థితి.
* పుట్టిన రెండవ వారం మొదలుకొని రెండవ నెల లోపు, తాగిన ప్రతిసారీ పాలు దూరంగా చిమ్మేటట్లు వాంతి చేసుకుని, వెంటనే మళ్ళీ ఆకలితో ఏడవడం. ఇది జీర్ణకోశం నుండి పేగులోకి పోయే దారి మందమై మూసుకుపోవడం వలన కావచ్చు. చిన్న శస్త్రచికిత్సతో పూర్తిగా నయమవుతుంది.
* పొట్ట ఉబ్బడం, మాడు ఉబ్బడం, జ్వరం, మగతగా పడి ఉండడం.
* మూత్రం తగ్గడం, మాడు గుంటపడడం, బరువు పెరగకపోవడం.
* ఆరు నెలలు దాటాక కొత్తగా వాంతులు మొదలవడం, లేదా ఏడాది దాటినా కక్కడం ఆగకపోవడం.

రెండు నెలల లోపు బిడ్డ అంతవరకు బాగా తాగుతూ ఒక్కసారిగా పాలు మానేస్తే, అది మారాం కాదు. రక్తంలో చీము చేరినా, న్యుమోనియా వచ్చినా మొదట కనిపించే గుర్తు అదే. నిమిషానికి 60 సార్లు, అంతకంటె ఎక్కువ ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం, ఒళ్ళు చల్లబడడం కూడా అటువంటివే. వెంటనే 108కి ఫోన్ చేయండి. అంగిట్లో ముల్లు ఉందని వేలు పెట్టి గీకించడం, పొట్ట మీద వాతలు పెట్టించడం వలన విలువైన సమయం పోతుంది, కొత్త పుండు మిగులుతుంది.

పాలు సరిపడని బిడ్డ

కొందరు పిల్లలకు మాత్రం నిజంగానే పాలు సరిపడవు. అయితే సరిపడనివి తల్లిపాలు కావు, ఆవు గేదెల పాలలోని మాంసకృత్తులు. బిడ్డ శరీరం వాటిని శత్రువుగా ఎంచి పోరాడుతుంది. దీన్నే పాల ఎలర్జీ అంటారు. విదేశాల్లోని లెక్కల ప్రకారం నూటికి ఇద్దరు ముగ్గురు శిశువులకు ఇది ఉంటుంది. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్లో ఇంకా తక్కువ, 200 మందిలో ఒక్కరు.

ఇది రెండు విధాలుగా కనబడుతుంది. కొందరిలో పాలు పట్టిన నిమిషాల్లో, లేదా రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, పిల్లికూతలు వస్తాయి. ఊపిరి అందకపోతే క్షణం ఆలస్యం చేయరాదు. మరికొందరిలో గంటలు, రోజుల తరువాత నెమ్మదిగా వస్తుంది: విరేచనంలో జిగట, రక్తపు చారలు, ఆగని వాంతులు, చర్మం మీద ఎర్రని దురద పొక్కులు, బరువు పెరగకపోవడం. తల్లి తాగిన పాలలోని మాంసకృత్తులు కొద్దిగా ఆమె చనుపాలలోకి వస్తాయి గనుక, తల్లిపాలు తాగే బిడ్డకూ ఇవి కనిపించవచ్చు.

అందుకు చనుపాలు మాన్పించనక్కరలేదు. వైద్యుని సలహాపై తల్లి రెండు నుండి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి, పాల టీ, పాలకోవా, బిస్కెట్లు పూర్తిగా మాని చూడాలి. బిడ్డ బాగుపడితే, తల్లి మళ్ళీ పాలు పుచ్చుకుని చూడాలి. గుర్తులు తిరిగి వస్తేనే అది ఎలర్జీ. ఈ రెండవ మెట్టు దాటకుండా నెలల తరబడి తల్లిని పస్తుంచడం న్యాయం కాదు. వెంటనే దద్దుర్లు, వాపు వచ్చిన బిడ్డ విషయంలో మాత్రం ఈ పరీక్ష ఆసుపత్రిలోనే జరగాలి.

"ఆవు పాలు పడకపోతే మేక పాలు పట్టు" అనే మాట మన పల్లెల్లో ఉంది. గేదె పాలు, మేక పాలు కూడా దాదాపు అవే మాంసకృత్తులు గలవి. ఆవు పాలు సరిపడని పిల్లల్లో అత్యధికులకు అవీ సరిపడవు. వీధుల్లో అమ్మే పచ్చి గాడిద పాలలో రోగక్రిములు ఉండవచ్చు. తల్లిపాలు లేని బిడ్డకు మాంసకృత్తులను ముందే ముక్కలు చేసిన ప్రత్యేకమైన డబ్బా పాలు ఉన్నాయి. అవి ఖరీదైనవి, వైద్యుడు వ్రాస్తేనే వాడదగినవి. డబ్బా ఎక్కువ రోజులు రావాలని నీళ్ళు ఎక్కువ కలిపితే బిడ్డ నీరసించి పోతుంది. డబ్బా పాల ప్రచారాన్ని మన దేశం 1992 నాటి చట్టంతో నిషేధించింది. గనుక ఉచితంగా డబ్బా ఇస్తామని ఎవరైనా వస్తే వారి మాట నమ్మకండి.

సంతోషించదగిన సంగతి ఏమంటే, చాలామంది పిల్లలకు మూడు నుండి ఐదేళ్ళ లోపు ఈ ఎలర్జీ పోతుంది. ఏడాది ప్రాంతంలో వైద్యుని పర్యవేక్షణలో మళ్ళీ పాలు పరీక్షించి చూస్తారు.

బాలింత ఆకలి మరువకండి

మన ఇళ్ళల్లో బాలింతకు ముందే పథ్యం ఎక్కువ. దాని మీద పాలు, పెరుగు కూడా ఆపితే ఆమె ఎముకల్లోని సున్నం కరిగి బిడ్డకు పోతుంది. పాలు తాగితేనే పాలు పడతాయన్న మాట నిజం కాదు. బిడ్డ చీకితే పాలు పడతాయి. కాని తల్లికి కడుపునిండా తిండి కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. రాగి సంకటి, నువ్వుల పొడి, మునగాకు పప్పు, ముళ్ళతో తినే చిన్న చేపలు, గ్రుడ్లు, పప్పుదినుసులు ఆమె పళ్ళెంలో ఉండాలి. కాల్షియం మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇస్తారు.

బిడ్డ నోరు తెరవనంటే

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అమ్మ పెడతానన్నా బిడ్డ వద్దంటుంది. గిన్నె చూడగానే ముఖం తిప్పుకోవడం, వీపు విల్లులా వంచి ఏడవడం, నిద్రమత్తులో మాత్రమే తాగడం దీని గుర్తులు. మొదట కారణం వెదకాలి. నోటిపూత, ముక్కు దిబ్బడ, చెవిపోటు, తాగిన ప్రతిసారీ గొంతులో మంట, పాల ఎలర్జీ ఇందుకు కారణం కావచ్చు. తాగుతూ చెమటలు పోసి అలసిపోయే బిడ్డకు గుండె పరీక్ష అవసరం.

కారణం తగ్గినా కొందరు పిల్లలు తినరు. నొప్పి పోయినా దాని జ్ఞాపకం పోదు. ఆ సమయంలో ముక్కు మూసి, చేతులు పట్టుకుని గొంతులో పోస్తే, గిన్నె అంటేనే బిడ్డకు భయం స్థిరపడుతుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది తల్లి చూసుకోవాలి. ఎంత తినాలి అన్నది బిడ్డకు విడిచిపెట్టాలి. చేయి నోట్లో పెట్టుకోవడం, పెదవులు చప్పరించడం ఆకలికి గుర్తులు. అవి కనబడగానే ఇవ్వండి. ఏడుపు దాకా ఆగకండి. ముఖం తిప్పుకుంటే ఆపండి. అరగంటకు మించి బ్రతిమాలకండి.

ఆరు నెలలు నిండాక చెంచా మీద నిలిచేంత చిక్కగా పప్పన్నం మెదిపి, కొద్దిగా నూనె కలిపి, మొదట రోజుకు రెండు మూడుసార్లు పెట్టండి. ఒక కొత్త రుచి అలవాటు కావడానికి పదిసార్లు పట్టవచ్చు. బిడ్డను అందరితో కలిసి కూర్చోబెట్టండి. చేతితో పిసకనివ్వండి, చిందనివ్వండి. పాల ఎలర్జీ ఉంటే కొన్న డబ్బా ఉగ్గుల్లో పాలపొడి ఉందేమో పైన చదివి చూడండి. రాగి జావ, పెసరపప్పు కిచిడీ ఇంట్లోనే కాచుకోవచ్చు.

ఇంటివారి వంతు

బిడ్డ తినకపోతే నింద తల్లి మీద పడుతుంది. రాత్రంతా మేలుకుని, పగలంతా గుడ్డలు ఉతికి, పైగా "నీకు పెంచడం చేతకాదు" అనిపించుకున్న తల్లికి పాలు కూడా తగ్గుతాయి. తండ్రి రాత్రివేళ ఒక అరగంట బిడ్డను భుజాన వేసుకోవచ్చు. అత్తగారు కోడలిని ముందు భోజనానికి కూర్చోబెట్టవచ్చు. సంఘంలోని స్త్రీలు బిడ్డను చూడడానికి వెళ్ళినప్పుడు కొత్త సలహా బదులు ఒక గిన్నెడు కూర పట్టుకువెళ్ళి, నాలుగు గుడ్డలు ఉతికి రావచ్చు. తల్లి అదేపనిగా ఏడుస్తున్నా, బిడ్డ మీద ఆసక్తి పోయినా, ఆమెను కూడా డాక్టరుకు చూపించాలి.

ఈ నెల బిడ్డ బరువు తూయించారా? తూయించకపోతే రేపే అంగన్‌వాడీకి తీసుకువెళ్ళండి.