కొండిలేని తేనెటీగ, పుల్లని తేనె

ముషైరిబ్ ప్రక్కనే ఉన్న సూక్ వాకిఫ్ అంగళ్ళలో సిద్ర్ తేనెకు విశేష గౌరవం. సిద్ర్ మన రేగుచెట్టుకు దగ్గరి బంధువు. చిక్కని ఆ తేనెకు అలవాటుపడినవారు, స్వదేశంనుండి కొండిలేని తేనెటీగల తేనెను తెచ్చుకొన్నపుడు, దాని పలుచదనమూ పులుపూ చూచి కల్తీ అనుకొనే అవకాశముంది. అయితే ఆ రెండూ దాని సహజ గుణాలే.

ఈ తేనెటీగల జాతులు ఉష్ణమండలంలో 500కు పైగా ఉన్నాయి. మన దేశంలో విరివిగా కనిపించే టెట్రగోనులా ఇరిడిపెన్నిస్ జాతిని 1854లో ఫ్రెడరిక్ స్మిత్ వర్ణించాడు. సుమారు 4 మిల్లీమీటర్ల ఈ నల్లని కీటకం గోడల పగుళ్ళలో, చెట్ల తొర్రలలో గూడు కడుతుంది. దీని కొండి క్షీణించి నిరుపయోగమైంది.

ఇది మైనములో చెట్ల జిగురును కలిపి చిన్న చిన్న కుండలుగా మలచి, వాటిలో తేనెను దాచుకొంటుంది. సాధారణ తేనెలో తేమ 20 శాతం మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణం. ఈ తేనెలో అది తరచు 25 శాతం దాటుతుంది. అందువల్ల సూక్ష్మజీవులు దానిని కొంత పులియబెట్టి ఆమ్లాలను పుట్టిస్తాయి. నీటిలో వేసిన తేనెచుక్క అడుగుకు దిగాలన్న పరీక్ష చిక్కదనాన్నే తెలుపుతుంది. చిక్కని పంచదార పాకమూ అందులో నెగ్గుతుంది.

2020లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆస్ట్రేలియా, మలేషియా, బ్రెజిల్ దేశాల కొండిలేని తేనెటీగల తేనెను పరీక్షించి, 100 గ్రాములలో 13 నుండి 44 గ్రాముల వరకు ట్రెహాల్యులోజ్ అనే చక్కెర ఉన్నదని ప్రకటించారు. పంచదారవలెనే ఇదీ గ్లూకోజు, ఫ్రక్టోజుల కలయికే. కాని బంధం వేరు. అందువల్ల నెమ్మదిగా జీర్ణమై, రక్తంలోనికి గ్లూకోజును మెల్లగా విడుస్తుంది. అంతమాత్రాన మధుమేహరోగులు దీనిని ఔషధంగా భావించరాదు. మన జాతి తేనె ఆ పరీక్షలలో లేదు. పైగా తక్కిన చక్కెరలు ఈ తేనెలోనూ ఉంటాయి.

దోహా వేసవిలో సీసాను బయట ఉంచితే పులియడం త్వరపడి వాయువు పుడుతుంది. మూత బిగిసి ఉంటే ఒత్తిడి పెరుగుతుంది. కనుక దీనిని రిఫ్రిజిరేటరులో, సీసాలో కొంత ఖాళీ వదలి, ఉంచడం క్షేమం. ఏడాది నిండని శిశువుకు ఏ తేనెనైనా నాకించరాదు. బొటులిజం వ్యాధిని కలిగించే సూక్ష్మజీవి బీజాలు అందులో ఉండవచ్చును. పెద్దల ప్రేగులు వాటిని అణచగలవు, పసికందు ప్రేగులకు ఆ శక్తి ఉండదు.

ఒక గూడు ఏడాదికిచ్చే తేనె సాధారణంగా కిలో కూడా ఉండదు. కనుక దీనికి ధర హెచ్చు కావడం న్యాయమే. పెద్ద సీసా చౌకగా దొరికినపుడే అనుమానించాలి.