ఆట మధ్యలో హ్యాంగ్... తప్పెవరిది?

2024 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11కు ‘24హెచ్2’ అనే పెద్ద అప్‌డేట్ వదిలింది. అది వేసుకున్న కొన్ని కంప్యూటర్లలో చిత్రమైన గొడవ మొదలైంది. ‘అస్సాసిన్స్ క్రీడ్ వల్హల్లా’ తెరిస్తే నల్లటి తెర. ‘స్టార్ వార్స్ అవుట్‌లాస్’ ఆడుతుండగానే బిగుసుకుపోయేది. ‘అవతార్: ఫ్రాంటియర్స్ ఆఫ్ పండోరా’దీ అదే వరస. మూడూ యూబీసాఫ్ట్ కంపెనీవే. చివరికి మైక్రోసాఫ్ట్ లోపాన్ని ధ్రువీకరించి, ఆ గేములున్న కంప్యూటర్లకు అప్‌డేట్ వెళ్లకుండా ఆపేసింది. యూబీసాఫ్ట్ ఒక్కో గేముకూ ప్యాచ్ విడుదల చేసుకుంటూ వచ్చింది.

ఆ రోజుల్లో లాప్‌టాప్ పట్టుకుని రిపేరు షాపుకు పరుగెత్తినవాళ్లకు ఏం ఒరిగి ఉంటుంది? ఫార్మాట్ కొట్టించినా మళ్లీ అదే విండోస్, మళ్లీ అదే గేమ్. ర్యామ్ మార్పించినా, థర్మల్ పేస్ట్ వేయించినా డబ్బు దండగే. మెషీన్ నిక్షేపంగా ఉంది మరి!

గేమ్ హ్యాంగ్ అయిందనగానే మన దగ్గర మొదట వినపడే మాట ఫార్మాట్. హాస్టల్లో సీనియర్‌ని అడిగినా, వీధి చివరి కంప్యూటర్ షాపులో అడిగినా అదే మందు. కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా. పనిచేసినప్పుడు ఎందుకు చేసిందో తెలియదు, చేయనప్పుడు ఎందుకు చేయలేదో అసలే తెలియదు. పైగా అసలు కారణం చెప్పగలిగే రికార్డులన్నీ ఆ ఫార్మాట్‌లోనే తుడిచిపెట్టుకుపోతాయి. గేమ్ ఆగిన తీరును కాస్త నిదానంగా గమనిస్తే చాలాసార్లు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఎలా ఆగింది?

అన్ని హ్యాంగ్‌లూ ఒకటి కావు. కొత్త ప్రాంతంలో అడుగుపెట్టగానే, కొత్త శత్రువు ఎదురుపడగానే అర సెకను ఆగి, మళ్లీ మామూలుగా సాగిపోతే అది చాలావరకు షేడర్ల గొడవ. తెర మీద నీళ్లు మెరవాలన్నా, మంటలు లేవాలన్నా గ్రాఫిక్స్ చిప్‌కు చిన్న చిన్న ప్రోగ్రాములు కావాలి. అవే షేడర్లు. ఒక్కొక్కరి కంప్యూటర్లో ఒక్కో చిప్, ఒక్కో డ్రైవర్ కాబట్టి వాటిని ఎవరి మెషీన్లో వాళ్లే తయారుచేసుకోవాలి. ఆ పని ఆట మధ్యలో పడితే బొమ్మ ఆగుతుంది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఎల్డెన్ రింగ్’ ఖరీదైన కంప్యూటర్లలోనూ ఇలాగే తడబడింది. విచిత్రమేమిటంటే, వాల్వ్ కంపెనీ వారి స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే చిన్న యంత్రంలో అదే గేమ్ సాఫీగా నడిచింది. అక్కడ అందరిదీ ఒకే రకం చిప్ కనుక షేడర్లను ముందే తయారుచేసి పంపే వీలుంది. 2023 మార్చిలో పీసీకి వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1’ ఇంకో దారి పట్టింది. షేడర్లన్నీ తయారయ్యాకే ఆడమంది. దానికి చాలాసేపు పట్టడంతో కొన్నవాళ్లు విసుక్కున్నారు. విసుగొచ్చినా సరే, మొదటి స్క్రీన్ మీద కనిపించే శాతం నూరుకు చేరేదాకా ఆగడమే లాభం. గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాక ఈ తతంగం మళ్లీ మొదలవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

తెర ఒక్కసారిగా నల్లబడి, కొన్ని సెకన్లకు తిరిగొచ్చి, గేమ్ మాత్రం మూసుకుపోయిందా? అది డ్రైవర్ తిరగబడిన గుర్తు. విండోస్ విస్టా కాలం నుంచీ ఒక ఏర్పాటు ఉంది. గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించిన పని రెండు సెకన్లపాటు కదలకుండా ఉంటే విండోస్ ఇక వేచి చూడదు, డ్రైవర్‌ను రీసెట్ చేసేస్తుంది. ఆ రెండు సెకన్ల గడువును రిజిస్ట్రీలోకి వెళ్లి పదికి పెంచుకోమనే చిట్కా వీడియోల్లో తరచూ కనిపిస్తుంది. గడువు పెంచినంత మాత్రాన జబ్బు నయం కాదు. తెర ఇంకో ఎనిమిది సెకన్లు అదనంగా బిగుసుకుని ఉంటుంది, అంతే.

అన్నిటికన్నా మొండిది మూడో రకం. బొమ్మ కదలదు. స్పీకర్లలోంచి చివరి శబ్దపు ముక్క ‘ర్‌ర్‌ర్’ మంటూ అదే పనిగా మోగుతుంటుంది. ఇలాంటప్పుడు పవర్ బటన్ మీదకు వేలు పోకముందే ఒక పని చేయాలి. క్యాప్స్ లాక్ నొక్కి చూడాలి. దాని లైటు వెలిగి ఆరుతుంటే విండోస్ ఇంకా బతికే ఉంది, చిక్కంతా గేముదో డ్రైవర్‌దో. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. ఒక్కోసారి అంతటితోనే తెర కదులుతుంది. లైటు కూడా ఉలకదూ పలకదూ అంటే వ్యవహారం లోతైనదే. ర్యామ్, కరెంటు సరఫరా, వేడి, మదర్‌బోర్డు... వీటివైపు చూడాలి.

అబద్ధం చెప్పే మెసేజ్‌లు

విండోస్ ప్రతి ప్రమాదాన్నీ రాసిపెట్టుకుంటుంది. స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ’ అని టైప్ చేస్తే రోజులవారీగా ఒక చార్టు తెరుచుకుంటుంది. ఏ రోజు ఏ ప్రోగ్రామ్ పడిపోయిందో అందులో ఎర్ర గుర్తులతో ఉంటుంది. ఇంకా లోతుగా కావాలంటే ఈవెంట్ వ్యూయర్ ఉంది. అక్కడ 4101 అనే నంబరు కనిపిస్తే డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి తేరుకుందని. ‘హ్వియా లాగర్’ పేరుతో ఎర్రర్లుంటే హార్డ్‌వేరే తన బాధ చెప్పుకుంటోందని అర్థం. చాలామంది ‘కెర్నల్ పవర్ 41’ చూసి బెంబేలెత్తి పవర్ సప్లై పోయిందనుకుంటారు. అది చెప్పేది ఒక్కటే, కంప్యూటర్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా ఆ నంబరే పడుతుంది.

తెర మీద వచ్చే మెసేజ్‌ను కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. దీనికి ఇంటెల్ ఉదంతమే సాక్ష్యం. 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న కంప్యూటర్లలో అన్‌రియల్ ఇంజిన్‌తో తయారైన గేములు వరసగా పడిపోసాగాయి. ‘వీడియో మెమరీ చాలలేదు’ అనే అర్థమిచ్చే మెసేజ్ వచ్చేది. అది చదివిన ఎవరైనా గ్రాఫిక్స్ కార్డునే అనుమానిస్తారు. నిజానికి ఆ కార్డుకు ఏ పాపం తెలియదు. గేమ్ మొదలయ్యేటప్పుడు షేడర్లను విప్పే పని ప్రాసెసర్ మీద పడుతుంది, ఆ లెక్కలో ప్రాసెసరే తప్పుతోంది. 2024 జులైలో ఇంటెల్ అసలు సంగతి బయటపెట్టింది. చిప్‌లోని మైక్రోకోడ్ అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందట! ఆగస్టులో ఒకటి, సెప్టెంబరులో ఇంకొకటి సవరణలు వచ్చాయి. అవి ముందుముందు నష్టం జరగకుండా ఆపడానికే. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అప్‌డేట్ బాగుచేయలేదు. అందుకే ఆ ప్రాసెసర్లకు ఇంటెల్ వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. లాప్‌టాప్ చిప్‌లకు ఈ సమస్య లేదన్నది కంపెనీ మాట. అయినా పాఠం లాప్‌టాప్ వాళ్లకూ వర్తిస్తుంది, మెసేజ్‌లో ఏ పేరుంటే ఆ భాగాన్నే మార్చేయకూడదు.

మే నెల, మంచం, దుప్పటి

పది పదిహేను నిమిషాలు చక్కగా ఆడనిచ్చి, ఆ తర్వాత నత్తనడక పట్టిందంటే ముందుగా చూడాల్సింది వేడి. లాప్‌టాప్ ప్రాసెసర్లు వంద డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. ఇది లోపం కాదు, రక్షణ. కానీ మన వాతావరణం ఆ రక్షణను త్వరగా రప్పిస్తుంది. లాప్‌టాప్ అడుగున అంటించిన స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో చాలా కంపెనీలు పనిచేసే ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకు అని రాస్తాయి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది ఆ గీతను ఎప్పుడో దాటేస్తుంది. దానికి తోడు మంచం మీద, దుప్పటి మీద పెట్టి ఆడటం. గాలి పీల్చుకునే రంధ్రాలు అడుగునే ఉంటాయి. ఫ్యాన్ లాగినకొద్దీ దుప్పటి వాటికి అతుక్కుంటుంది.

రెండు మూడేళ్లు వాడిన గేమింగ్ లాప్‌టాప్ అడుగు మూత విప్పితే ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము పలచగానే కనిపిస్తుంది. అసలైన దుమ్ము చేరేది అక్కడ కాదు. ఫ్యాన్‌కూ, వేడిని బయటికి పంపే రేకుల వరసకూ మధ్య సందులో నూలు పీచు, వెంట్రుకలు, దుమ్ము కలిసి బొంతలా పేరుకుంటాయి. వేలితో పట్టి లాగితే ఒకే ముక్కగా ఊడివస్తుంది. పైపైన బ్లోయర్ కొట్టి మూసేస్తే అది కదలదు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ గిర్రున తిరగకుండా రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే బేరింగ్ దెబ్బతినొచ్చు. మూత విప్పగానే బ్యాటరీ కనెక్టర్ తీసేయడం మొదటి పని. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే మాత్రం దాన్ని ముట్టుకోకుండా మూసేసి సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి.

వేడికి ఖర్చులేని మందొకటి ఉంది. ఫ్రేమ్ రేటుకు హద్దు పెట్టడం. 2010లో ‘స్టార్‌క్రాఫ్ట్ 2’ విడుదలైన కొత్తలో కొందరి గ్రాఫిక్స్ కార్డులు విపరీతంగా వేడెక్కాయి. అదీ ఆడేటప్పుడు కాదు, మెనూ తెరిచి ఊరికే కూర్చున్నప్పుడు! మెనూలో గీయడానికి పెద్దగా ఏమీ లేదు కాబట్టి కార్డు సెకనుకు ఎన్ని బొమ్మలు గీయగలిగితే అన్నీ గీసేస్తోంది. సెట్టింగుల ఫైల్లో రెండు లైన్లు చేర్చి ఫ్రేమ్ రేటును కట్టడి చేసుకోమని బ్లిజార్డ్ కంపెనీ సలహా ఇచ్చింది. ఇప్పుడు ఆ సౌకర్యం చాలా గేముల్లోనూ, డ్రైవర్ సెట్టింగుల్లోనూ ఉంది. 60కి కుదిస్తే ఫ్యాన్ హోరు తగ్గడం చెవికే తెలుస్తుంది.

కరెంటు సంగతి చూడటం ఇంకా తేలిక. ఛార్జర్ పెట్టి ఆడుతున్నా బ్యాటరీ శాతం తగ్గుతోందా? అయితే ఛార్జర్ చాలడం లేదు. 180, 230 వాట్ల ఛార్జర్‌తో వచ్చిన మెషీన్‌కు ఆఫీసు లాప్‌టాప్‌దైన 65 వాట్ల టైప్ సి ఛార్జర్ తగిలిస్తే మెయిళ్లు చూసుకోవచ్చు, గేమ్ ఆడలేరు. గ్రాఫిక్స్ మెమరీ 4 జీబీయే ఉన్న మోడళ్లలో టెక్స్చర్ క్వాలిటీని ‘అల్ట్రా’లో పెడితే ఇంకో రకం బాధ. పట్టనిదంతా ర్యామ్‌లోకి పొర్లి, ప్రతి మలుపులోనూ బొమ్మ తడబడుతుంది.

తయారీలోనే తేడా ఉంటే

ఇవన్నీ చూసుకున్నా ఫలితం లేదంటే తప్పు ఆడేవాళ్లది కాకపోవచ్చు. 2008 జులైలో ఎన్విడియా తన లాప్‌టాప్ చిప్‌లు కొన్ని మామూలు కన్నా ఎక్కువగా పాడవుతున్నాయని ఒప్పుకుని, వారంటీ, మరమ్మతుల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. చిప్‌ను కూర్చడానికి వాడిన పదార్థం వేడెక్కి చల్లారడాన్ని తట్టుకోలేకపోవడమే కారణం. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో ‘రీబాలింగ్’ అని బోర్డులు కనిపిస్తుంటాయి కదా, చిప్‌ను ఊడదీసి కింద కొత్త టంకం గుండ్లు వేసి అతికించడమే ఆ పని. చిప్ లోపలి అతుకే విరిగితే రీబాలింగ్ చేయించినా కొన్నాళ్లే. దానికి డబ్బు పెట్టేముందు రెండుసార్లు ఆలోచించాలి.

ఇటీవలి ఉదాహరణ 2025 సెప్టెంబరు నాటిది. కొన్ని ఆసుస్ గేమింగ్ లాప్‌టాప్‌లు గేముల్లోనే కాదు, వీడియో చూస్తున్నా పదేపదే క్షణంపాటు తడబడేవి, శబ్దం చిటపటలాడేది. డ్రైవర్లు మార్చినా, విండోస్ మళ్లీ వేసినా అంతే. ఒక ఔత్సాహికుడు విండోస్ లోపలి రికార్డులను తవ్వి, దోషం విండోస్‌లో లేదని, మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్‌లో ఉందని వివరంగా రాసి బయటపెట్టాడు. కంపెనీ స్పందించి పరిశీలన మొదలుపెట్టింది. ఇలాంటి లోపానికి ఆ ఫర్మ్‌వేర్‌ను మార్చే బయాస్ అప్‌డేట్ ఒక్కటే మందు. ఛార్జర్ తగిలించి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే అది వేయాలి. మధ్యలో కరెంటు పోతే మెషీన్ మళ్లీ లేవకపోవచ్చు.

ఒకసారికి ఒకే మార్పు

సెట్టింగులన్నీ ఒకేసారి మార్చేస్తే గేమ్ బాగుపడినా ఏది పనిచేసిందో తెలియదు. అందుకే ఒకటి మార్చి, కాసేపు ఆడి, ఆ తర్వాతే ఇంకొకటి. స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఫైళ్లను సరిచూడమంటే పాడైనవాటిని అదే మళ్లీ దించుకుంటుంది. దీన్నే మొదట ప్రయత్నించాలి. డిస్కార్డ్, గేమ్ బార్ లాంటివి ఆట మీద పరిచే ఓవర్‌లేలను ఆపి చూడటం రెండోది. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న లాప్‌టాప్‌లో గేమ్ చిన్న చిప్ మీద నడుస్తోందేమో విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో చూడాలి. గొడవ కొత్త డ్రైవర్‌తో మొదలైతే పాతదానికి వెనక్కి వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు. ఒక్క గేమే ఆగుతూ, మిగతావన్నీ బాగా నడుస్తుంటే స్క్రూడ్రైవర్ జోలికే వెళ్లొద్దు. కంపెనీ ప్యాచ్ కోసం ఆగడమే తెలివైన పని.

షాపుకు వెళ్లక తప్పకపోతే ‘హ్యాంగ్ అవుతోంది’ అని అప్పగించి రావద్దు. ఎన్ని నిమిషాల తర్వాత ఆగుతోంది, శబ్దం వస్తోందా, క్యాప్స్ లాక్ వెలుగుతోందా, ఈవెంట్ వ్యూయర్‌లో ఏ నంబరు పడింది... ఇవి ఒక కాగితం మీద రాసిస్తే మెకానిక్‌కు అంచనాలతో పనుండదు. వారంటీలో ఉన్న మెషీన్‌ను బయట విప్పించే ముందు ఆ షరతులు చదువుకోవాలి. చివరికి ఫార్మాటే గతి అయితే, దానికి ముందు సేవ్ ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. అన్ని గేములూ వాటిని క్లౌడ్‌లో దాచవు. చాలావాటివి డాక్యుమెంట్స్, సేవ్డ్ గేమ్స్, యాప్‌డేటా ఫోల్డర్లలోనే ఉంటాయి.