విశాఖ తీరమునకు వచ్చు అతిథులకు

విశాఖపట్నములో కాపురమున్న వారి యిండ్లకు వేసవి సెలవులలో బంధువులు వచ్చుట క్రొత్త కాదు. రైలు దిగి, పెట్టెలు లోపల పెట్టి, మంచినీరు త్రాగిన వెంటనే వారడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: "సముద్రమునకు ఎప్పుడు పోదము?" ఇన్నేండ్లుగా వారిని వెంటబెట్టుకొని తిప్పిన అనుభవముతో, తీరమునకు ఏ వేళ పోవలెనో, ఏమి చూడవలెనో, ఏమి తినవలెనో, అన్నిటికంటె ముఖ్యముగా ఎక్కడ నీటిలో దిగకూడదో శ్రోతలకు మనవి చేయదలచితిమి.

మొదట వేళ సంగతి. మన సముద్రము తూర్పున నున్నది. సూర్యుడు నీటిలో నుండి ఉదయించును గాని నీటిలో అస్తమింపడు. సూర్యాస్తమయము చూచుటకై సాయంకాలము వచ్చువారు సముద్రమునకు వీపు పెట్టి ఊరివైపు చూడవలసి వచ్చును. వేసవిలో ఐదున్నర గంటలు కాక మునుపే ప్రొద్దు పొడుచును. అప్పటికే రామకృష్ణా బీచి నడచు వారితోను, పరుగెత్తు వారితోను, వ్యాయామము చేయు ముసలివారితోను నిండియుండును. అక్కడి రామకృష్ణ మిషన్ ఆశ్రమమును బట్టియే ఆ తీరమునకు ఆ పేరు వచ్చినది.

అక్కడ నుండి బీచి రోడ్డు వెంట ఉత్తరముగా పోయినచో పెద్ద జాలారిపేట వచ్చును. ఉదయము వేట ముగించుకొని పడవలు ఒడ్డు చేరుచుండును. కానాగంతలు, నెత్తళ్లు, చందువలు, వంజరము గంపలలోనికి మారును. బేరము స్త్రీలది. వారితో బేరమాడి గెలిచిన బంధువును మేమింతవరకు చూడలేదు. అతిథులు ఇక్కడ మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. ఆరవేసిన వలలను త్రొక్కరాదు. ఒడ్డు నుండి పెద్ద వలను రెండు వరుసలుగా నిలిచి లాగునప్పుడు ఆ త్రాళ్ల నడుమ నడువరాదు. అడుగకుండ ఎవరి ఫోటోయు తీయరాదు. అది వారికి విహార స్థలము కాదు, బ్రతుకు తెరువు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, తూర్పు తీరమున ఇంజను పడవలకు వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఆ కట్టుబాటు. వేసవిలో వచ్చినవారికి పడవలు చాలవరకు ఇసుకపైననే కనబడుటకు కారణమిదియే.

ఎండ ముదిరిన పిమ్మట ఇసుకపై నిలువ శక్యము కాదు. ఆ వేళను ప్రదర్శనశాలలకు ఉంచుకొనవలెను. రామకృష్ణా బీచి దగ్గరనే 'కుర్సురా' జలాంతర్గామి కలదు. సోవియట్ దేశమున నిర్మింపబడి 1969లో మన నౌకాదళమున చేరి, 1971 యుద్ధకాలమున పనిచేసి, 2001లో విశ్రాంతి పొందినది. మరుసటి సంవత్సరము దానిని ఇసుకమీదికి చేర్చి ప్రదర్శనశాలగా చేసిరి. 90 మీటర్లకు పైబడిన ఆ ఇనుప గొట్టములో నావికులు ఎంత యిరుకున పండుకొనెడివారో చూచిన పిల్లలు ఇంటికి పోయి తమ పడక చిన్నదని సణుగరు. సోమవారము దానికి సెలవు. బీచి రోడ్డుననే యున్న విశాఖ మ్యూజియములో 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు ఈ పట్టణముపై వేసిన బాంబులలో పేలకుండ మిగిలిన యొకటి కలదు. ఈ ప్రశాంతమైన ఒడ్డు యుద్ధమును కూడ చూచినదని అది చెప్పకయే చెప్పును.

సాయంకాలము తీరము సంత వలె మారును. ఇక్కడ ప్రత్యేకముగా తినవలసినది మురీ మిక్స్చరు. మురీ అనగా మరమరాలు. వానిలో ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర, వేరుసెనగ పలుకులు చేర్చి, నిమ్మరసము పిండి, కాగితపు పొట్లములో నిత్తురు. చేతికందిన వెంటనే తినవలెను; సముద్రపు గాలికి మరమరాలు క్షణములో మెత్తబడును. కాల్చిన మొక్కజొన్న పొత్తులు, మిరపకాయ బజ్జీలు, వేడివేడి చేప వేపుళ్లు సరేసరి. మంచి బట్టలతో రావలసిన పని లేదు. ఇసుక ఎవరినీ గౌరవింపదు.

ఇక అసలు సంగతి. ఒకనాటి సాయంకాలము పొరుగూరి విద్యార్థులు నలుగురు మా కన్నుల యెదుట నీటిలోనికి దిగుచుండగా, వల బాగు చేసికొనుచున్న వృద్ధ జాలరి యొకడు కేక వేసెను: "బాబూ, అక్కడ దిగొద్దు!" "ఇక్కడ అలలు లేవు కదా తాతా" అని వారు నవ్విరి. "నిలిచిన నీరు కాదు బాబూ, ఎల్లిపోయే నీరు" అని అతడు చెప్పుచుండగనే ఒక బాలుడు నడుము లోతునుండి మెడ లోతునకు, అక్కడ నుండి ఇంకను లోనికి పోయెను. జాలారిపేట యువకులిద్దరు గాలి నింపిన రబ్బరు గొట్టముతో ఈదిపోయి అతనిని తెచ్చిరి. ఆ దినమున అదృష్టము కలిసివచ్చినది. ఇట్లు తిరిగి రాని వారు ఈ తీరమున అనేకులు.

ఆ వృద్ధుడు చెప్పినదానిలో ఎంతో శాస్త్రమున్నది. అలలు నీటిని ఎడతెగక ఒడ్డునకు తెచ్చి పోయును. ఆ నీరు మరల లోనికి పోవలెను కదా. ఇసుక తిన్నెల నడుమ పల్లమైన సన్నని దారి చేసికొని అది వడిగా వెనుకకు పోవును. ఆ దారి లోతుగా నుండుటచే అక్కడ అలలు విరుగవు, నురుగు తక్కువ, నీటి రంగు ముదురుగా నుండును. క్రొత్తవారికి అదే స్నానమునకు అనువైన చోటుగా తోచును! బలమైన ప్రవాహము సెకనుకు 2 మీటర్ల వరకు పోగలదు. దానికి ఎదురీదుట గజ యీతగానికిని అసాధ్యము. అందు చిక్కినవారు ఒడ్డువైపు పెనుగులాడక, తేలుచు, చేయెత్తి పిలువవలెను. ఈత వచ్చినచో ఒడ్డునకు సమాంతరముగా పోయి, అలలు విరుగుచున్న చోట ఒడ్డు చేరవలెను. చూచుచున్నవారు తొందరపడి దూకరాదు. ఖాళీ డబ్బాయో, త్రాడో, తేలు వస్తువేదైనను విసరి, జాలరులను పిలువవలెను.

నిరుడు క్షేమముగా స్నానము చేసితిమి కదా యను ధైర్యము ఇక్కడ పనికిరాదు. ఈ తీరమున ఇసుక అలల వెంట ఎక్కువగా దక్షిణము నుండి ఉత్తరమునకు నడచును. ఓడరేవు గోడలు ఆ నడకను అడ్డగించుటచే, రేవులో త్రవ్వి తీసిన ఇసుకను తెచ్చి బీచిలో పోయవలసి వచ్చుచున్నది. కనుక ఒడ్డు ఒకప్పుడు వెడల్పుగను, మరొకప్పుడు కోసివేసినట్లును ఉండును. నీటి అడుగున నున్న పల్లములును అట్లే మారుచుండును.

స్నానము చేసియే తీరవలెనన్నచో ఋషికొండకు పోవుట మేలు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన తీరమది. అక్కడను రక్షకులు చూపిన హద్దు దాటరాదు.

మా యిండ్లకు వచ్చిన పిల్లలకు మేము పెట్టిన నియమ మొక్కటే: రామకృష్ణా బీచిలో తడి ఇసుక వరకే, పెద్దల చేయి పట్టుకొని. మొదట మూతి ముడుచుకొందురు. పౌర్ణమినాడు తీసికొని పోయినచో, వెనుక ప్రొద్దు గ్రుంకుచుండగనే ఎదుట నీటిలో నుండి చంద్రుడు ఎఱ్ఱగా పైకి వచ్చును. అప్పుడు నీటిలో దిగుదమని అడిగిన పిల్లవాడు ఇంతవరకు లేడు.