ఆడితే జీతమిస్తారా?

మా జలదంకి వైపు వాళ్ళకు మొహమాటం తక్కువ. అడగదలచుకున్నది ముఖం మీదే అడుగుతారు. మొన్న ఒక ఆదివారం పొద్దున ఒక రైతు మా ఇంటికి వచ్చాడు. వరండాలో కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే అడిగాడు:

"అమ్మా, మీరు చదువుకున్నోళ్ళు. బంతాట ఆడితే ఆడబిడ్డకి ఎవురన్నా జీతమిస్తారా?"

ఆయన కూతురు మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఐదడుగుల పది అంగుళాల పిల్ల. వెనక వాళ్ళకు బోర్డు కనపడదని తనంతట తానే ఆఖరి బెంచీకి పోయి కూర్చుంటుంది. తెలుగు క్లాసులో ఆ పిల్ల గొంతు నేను విన్నది తక్కువ. కాని సాయంకాలం బాస్కెట్ బాల్ కోర్టు పక్కగా బస్సుకు నడిచిపోయేటప్పుడు చూడాలి! చినిగి బొటనవేలు బయటికి వచ్చిన కాన్వాస్ బూట్లతోనే ఎగిరి బంతిని రింగులో వేస్తుంది. నలుగురు అడ్డు వచ్చినా లెక్క చెయ్యదు. ఇప్పుడు యూనివర్సిటీ జట్టుకు ఎంపిక అయింది. ఇరవై రోజులు వేరే ఊళ్ళో శిక్షణ శిబిరం. తండ్రి సంతకం కావాలి.

"మీరు గూడా ఆట మానుకొని బి.ఇడి.కి చదువుకోమన్నారంట గదమ్మా! నేనూ అదే అన్నా. రెండ్రోజులైంది, అన్నం సరిగ్గా తినడంలా" అన్నాడాయన.

నాకు తల కొట్టేసినట్టయింది. అన్నమాట నిజమే. నెల కిందట ఆ పిల్ల స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, "మేడమ్, ఆట ఉంచుకోవచ్చునా?" అని అడిగింది. నేను జవాబు పత్రాలు దిద్దుకుంటూ, తల కూడా ఎత్తకుండా, "ఆట అన్నం పెడుతుందా? బి.ఇడి. సంగతి చూసుకో" అనేశాను. ఎన్నో ఏళ్ళుగా వినీ వినీ నా నోట నిలిచిపోయిన మాట అది.

ఆ మాట నాకు ఎవరు నేర్పారో చెప్పాలంటే, నా చిన్ననాటికి వెళ్ళాలి. హైస్కూల్లో నేను టెన్నికాయిట్ బాగా ఆడేదాన్ని. రబ్బరు రింగును ఎడమచేత్తో పట్టి, కుడి మూలకు విసిరితే అవతలివాళ్ళకు అందేది కాదు. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. మా అమ్మ ఆ రింగును అటక మీద పెట్టించింది. ఎవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఆట మానమని కూడా ఎవరూ అనలేదు. మానడమే సహజమన్నట్టు అందరూ ఊరుకున్నారు, నేనూ ఊరుకున్నాను. ఆ తరువాత చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నాను, దిగులు పడవలసిన పని లేదు. అయినా రైతు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "వచ్చే ఆదివారం రండి, విచారించి చెబుతాను" అన్నాను.

ఆ వారం రోజులూ నేను తెలుసుకున్నది పాఠకులతో కూడా చెప్పుకోవాలనిపించింది. ఆటలో పేరు తెచ్చుకుంటున్న ఆడపిల్లలు ఇవాళ చాలా ఇళ్ళలో ఉన్నారు గనుక.

ముందు ఆ బంతాట సంగతి. 1891 డిసెంబరులో అమెరికాలో, స్ప్రింగ్‌ఫీల్డు అనే ఊళ్ళో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు చలికాలంలో విద్యార్థులకు లోపల ఆడుకునే ఆట ఒకటి కావాలని, పది అడుగుల ఎత్తున రెండు పీచ్ పండ్ల బుట్టలు కొట్టించాడు. బుట్టబంతి అలా పుట్టింది. మరుసటి ఏడే, 1892లో, స్మిత్ కాలేజీలో సెండా బెరెన్‌సన్ అనే ఉపాధ్యాయురాలు దాన్ని ఆడపిల్లలకు నేర్పింది. అయితే ఆమె రోజుల్లోనూ లోకం లోకమే. పిల్లలు అలసిపోతారని కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్ళే ఉండాలని నియమం పెట్టారు. ఒకరి చేతిలో బంతిని ఇంకొకరు లాక్కోరాదు. 1893లో పందెం జరిగితే మగవాళ్ళను లోపలికి రానివ్వలేదు. మా అమ్మ అటకకూ, ఆ కాలేజీ తలుపుకూ పెద్ద తేడా లేదు కాబోలు! ఆడవాళ్ళ బాస్కెట్ బాల్ ఒలింపిక్స్‌లో అడుగు పెట్టేసరికి 1976 వచ్చింది.

మన దేశంలో ఈ ఆటనే నమ్ముకుని పైకి వచ్చిన ఆడపిల్ల ఎవరా అని చూస్తే, గీతు అన్నా జోస్ పేరు కనపడింది. కేరళలో కొట్టాయం ప్రాంతపు పిల్ల. 1985లో పుట్టింది. ఆరడుగుల రెండంగుళాల పొడవు. మొదట వాలీబాల్ ఆడి, తరువాత బాస్కెట్ బాల్‌కు మారింది. దక్షిణ రైల్వేలో ఉద్యోగం వచ్చింది. రైల్వే జట్టుకు ఆడింది. భారత జట్టుకు నాయకురాలైంది. కాని ఆటే వృత్తిగా ఆడవాళ్ళు బతకడానికి ఆనాడు ఇక్కడ లీగు అంటూ లేదు. అందుచేత 2006లో ఆస్ట్రేలియా వెళ్ళి రింగ్‌వుడ్ అనే క్లబ్బుకు ఆడింది. 2011లో అమెరికా మహిళల లీగులోని మూడు జట్లు ఆమెను పరీక్షకు పిలిచాయి. ఆ పిలుపు అందుకున్న మొదటి భారతీయురాలు ఆమే. ఎంపిక మాత్రం కాలేదు. 2014లో అర్జున అవార్డు వచ్చింది.

గీతు కథ చదివాక నాకు ఒకటి స్పష్టమైంది. పిల్లలో సత్తా ఉండాలి. ఇంట్లో వాళ్ళ ఒప్పుదల ఉండాలి. ఈ రెండూ ఉన్నా, ఆడినదానికి జీతమిచ్చే చోటు ఒకటి ఉండాలి. ఆ మూడోదాని కోసం ఆమె సముద్రం దాటవలసి వచ్చింది.

ఈ మూడూ ఒక్కచోట కుదిరిన పిల్ల మన తెలుగునాట ఉందా? ఉంది. ఎంతో దూరాన కూడా కాదు. మా ఉదయగిరి అవతల వెలిగొండలు దాటితే కడప జిల్లా. ఆ జిల్లాలో వీరపునాయునిపల్లె మండలం, ఎర్రమల్లె అనే పల్లె. నల్లపురెడ్డి శ్రీచరణిది ఆ ఊరు. ఆమె ఆట వేరు, క్రికెట్టు. కాని ఆడపిల్లకు ఆటే ఉద్యోగం కావడానికి ఏమేమి కావాలో ఆమె కథలో కనపడినంత తేటగా మరెక్కడా కనపడదు.

2004లో పుట్టింది. తండ్రి రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రంలో ఉద్యోగి. చిన్నప్పుడు ఇంటి దగ్గర మామతో ప్లాస్టిక్ బంతితో క్రికెట్టు ఆడేది. బళ్ళో పరుగు పందేలు, ఖోఖో, బాడ్మింటన్. క్రికెట్టును గట్టిగా పట్టుకున్నది పదహారేళ్ళ వయసులో. తండ్రి వెంటనే ఒప్పుకోలేదు. ఏడాదిపాటు వద్దన్నాడు. తల్లి మాత్రం కూతురి పక్షాన నిలబడింది. మొదట వేగంగా బంతి విసిరేది. తరువాత ఎడమచేతి స్పిన్నుకు మారింది.

ఆ పిల్ల అదృష్టమేమిటంటే, తండ్రి సరేనన్న కాలానికి లోకం కూడా సరేనంటోంది. అంతకు ముందు సంగతి వినండి. మన దేశంలో మహిళా క్రికెట్టుకు 1973లో ఒక సంఘం ఏర్పడింది. దానికి డబ్బు లేదు. ఆడపిల్లలు రిజర్వేషన్ లేని రైలుపెట్టెల్లో వెళ్ళి, పెద్ద హాళ్ళలో నేలమీద పడుకుని ఆడారు. మన హైదరాబాదు పూర్ణిమారావు భారత జట్టుకు కెప్టెన్ అయిన రోజులు అవి. హైదరాబాదులోనే పెరిగిన మిథాలీ రాజ్ నాయకత్వంలో 2005లో జట్టు ప్రపంచకప్పు ఫైనలు దాకా వెళ్ళింది. అప్పుడు ఒక్కొక్కరికి ముట్టినది మ్యాచికి వెయ్యి రూపాయలని మిథాలీయే చెప్పింది. 2006లో మహిళా క్రికెట్టు బి.సి.సి.ఐ. కిందికి వచ్చింది. 2022 అక్టోబరులో మగవారితో సమానంగా ఆడవారికీ మ్యాచి ఫీజు నిర్ణయించారు. వన్డేకు 6 లక్షలు, టీ ట్వంటీకి 3 లక్షలు. 2023లో మహిళల ప్రీమియర్ లీగు మొదలయింది.

2024 డిసెంబరులో ఆ లీగు వేలంలో ఢిల్లీ జట్టు శ్రీచరణిని 55 లక్షలకు తీసుకుంది. ఆమె కనీస ధర 10 లక్షలే. 2025 ఏప్రిల్లో కొలంబోలో భారత జట్టు తరఫున మొదటి వన్డే ఆడింది. జూన్ 28న ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో మొదటి టీ ట్వంటీ. ఆ మొదటి ఆటలోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు పడగొట్టింది. అయిదు ఆటల్లో 10 వికెట్లు తీసి ఆ సిరీస్‌కే ఉత్తమ క్రీడాకారిణి అనిపించుకుంది. నవంబరు 2న నవీ ముంబయిలో భారత జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్పు గెలిచింది. ఆ పోటీల్లో ఎర్రమల్లె పిల్ల తీసినవి 14 వికెట్లు. రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్ల రూపాయలు, గ్రూప్-1 ఉద్యోగం, ఇంటిస్థలం ప్రకటించింది. అదే నెలలో జరిగిన వేలంలో ఢిల్లీ జట్టే ఆమెను మళ్ళీ తీసుకుంది. ఈసారి ధర కోటీ 30 లక్షలు.

ఈ అంకెలు చూసి కళ్ళు చెదరడం సహజం. నన్ను ఆలోచింపజేసింది మాత్రం వేరొకటి. ఆ తండ్రి వద్దన్న ఏడాదిని మరొక రెండేళ్ళు పొడిగించి ఉంటే? పెళ్ళి సంబంధం ఒకటి వచ్చి ఉంటే? అప్పుడూ లీగు ఉండేది, వేలం జరిగేది, ప్రపంచకప్పు కూడా ఎవరో ఒకరు గెలిచేవారు. ఎర్రమల్లె పేరు మాత్రం మనకు తెలిసేది కాదు. అలా మనకు తెలియకుండా పోయిన ఊళ్ళు ఎన్నో ఎవరు లెక్క పెట్టగలరు?

ఆదివారం వచ్చింది. రైతూ వచ్చాడు. ఈసారి వెంట కూతురు కూడా ఉంది. గుమ్మం పక్కన తల వంచుకుని నిలబడింది. ఈ కథలన్నీ చెప్పాను. కోటి రూపాయల మాట విని ఆయన కళ్ళు పెద్దవి చేశాడు. నిజం దాచడం ఇష్టం లేక, "అది క్రికెట్టు మాట. మీ పాప ఆటలో అంత డబ్బు లేదు. గీతు అంతటి ఆటగత్తెకే జీతం రైల్వే వాళ్ళు ఇచ్చారు. బాగా ఆడితే ఆటగాళ్ళ కోటాలో రైల్వేలాంటి చోట్ల ఉద్యోగానికి దారి ఉంటుంది. తప్పకుండా వస్తుందని నేను హామీ ఇవ్వలేను. డిగ్రీ మాత్రం ఆపవద్దు. శిబిరం రోజుల్లో పోయిన పాఠాలు నేను చెప్పిస్తాను" అన్నాను.

తరువాత ఆ పిల్లవైపు తిరిగి, "ఆనాడు నీ ముఖమైనా చూడకుండా జవాబు చెప్పాను. తప్పు నాది" అన్నాను. లెక్చరరు తప్పు ఒప్పుకోవడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదేమో, ఏమనాలో తెలియక తండ్రివంక చూసింది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. సంతకం చెయ్యడానికి నా కలం అడిగి తీసుకున్నాడు. మెల్లగా, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చేశాడు. కాగితం కూతురి చేతికిచ్చి, వాకిట్లో విడిచిన ఆమె బూట్లవైపు చూసి నన్నడిగాడు:

"మంచియి కొనాలంటే ఎంతవుతాయమ్మా?"